94 మ్యాచ్‌ల ఆటగాడు, వందేళ్ల పేరు: లూయీ సాకలెక్సిస్‌కు దక్కింది గౌరవమేనా?

1897 జూన్ 16. న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్ మైదానం. జెయింట్స్ జట్టు తరఫున బంతి విసురుతున్నది ఏమస్ రూసీ. ఆ రోజుల్లో ఆయన బంతి వేగమంటే బ్యాటర్లకు హడల్. ఎదురుగా బ్యాట్ పట్టుకుని నిలబడింది క్లీవ్‌లాండ్ స్పైడర్స్ జట్టులో కొద్ది నెలల కిందటే చేరిన పాతికేళ్ల కుర్రాడు.

ఆ కుర్రాడు మైదానంలోకి రాగానే స్టాండ్స్‌లో కేకలు మొదలయ్యాయి. ప్రోత్సాహం కాదు, వెక్కిరింపు. ఆదివాసీలు యుద్ధానికి వెళ్లేటప్పుడు ఇలా అరుస్తారని తాము ఊహించుకున్న తీరులో జనం కూతలు పెడుతున్నారు. ఆయన ఎక్కడ ఆడినా ఇదే తంతు.

ఆ ఆటలో తన మొదటి అవకాశంలోనే ఆయన రూసీ బంతిని కొట్టిన దెబ్బకు హోమ్ రన్ వచ్చింది. క్రికెట్ తెలిసిన మనకు చెప్పాలంటే అది సిక్సర్ లాంటిది. కానీ ఆ కాలపు బేస్‌బాల్‌లో సిక్సర్ కన్నా చాలా అరుదు.

ఆ కుర్రాడి పేరు లూయీ ఫ్రాన్సిస్ సాకలెక్సిస్. అమెరికాలో అత్యున్నత స్థాయి బేస్‌బాల్ ఆడిన తొలి ఆదివాసీగా చరిత్రకారులు ఎక్కువమంది గుర్తించేది ఆయననే. ఆ స్థాయిలో ఆయన ఆడినవి 94 మ్యాచ్‌లే. కానీ ఆయన చనిపోయిన రెండేళ్లలోపే క్లీవ్‌లాండ్ నగరంలోని మరో జట్టు 'ఇండియన్స్' అనే పేరు పెట్టుకుంది. వందేళ్లకు పైగా ఆ పేరుతోనే ఆడింది. అది సాకలెక్సిస్‌కు ఇచ్చిన గౌరవమని దశాబ్దాల పాటు చెప్పుకుంది.

అది నిజంగా గౌరవమేనా? ఈ ప్రశ్నకు జవాబు ఆయన జీవితంలోనూ, ఆయన పేరులోనూ ఉంది.

వంతెన లేని ద్వీపం

అమెరికా ఈశాన్య కొసన కెనడాను ఆనుకుని మెయిన్ రాష్ట్రం ఉంటుంది. అక్కడి పెనాబ్‌స్కాట్ నదిలో ఓల్డ్ టౌన్ పట్టణానికి ఎదురుగా ఓ ద్వీపం ఉంది. దాన్ని ఇండియన్ ఐలాండ్ అంటారు. నది పేరే తెగ పేరు కూడా. ఒకప్పుడు ఆ నదీ పరీవాహక ప్రాంతమంతా పెనాబ్‌స్కాట్ తెగదే. 19వ శతాబ్దం నాటికి వారికి మిగిలింది ఈ ద్వీపమూ, నదిలోని మరికొన్ని లంకలూ. ఇలా తెగలకు మిగిల్చిన భూమిని అమెరికాలో రిజర్వేషన్ అంటారు. మన దగ్గర ఆ మాటకున్న అర్థం వేరు.

1871 అక్టోబరు 24న సాకలెక్సిస్ పుట్టింది ఈ ద్వీపంలోనే. అప్పట్లో అవతలి ఒడ్డుకు చేరాలంటే పడవే దిక్కు. ద్వీపానికి వంతెన వచ్చింది 1950లో. అడవిలో చెట్లు కొట్టడం, దుంగలను నదిలో దించడం, పడవలు నడపడం, బుట్టలు అల్లి అమ్మడం అక్కడివారి జీవనాధారాలు. సాకలెక్సిస్ బాల్యం గురించి ఆ ప్రాంతంలో బోలెడు కథలున్నాయి. నది ఈ ఒడ్డున నిలబడి ఆ ఒడ్డుకు బంతి విసిరేవాడన్నది వాటిలో ఒకటి. ఆయన భుజబలాన్ని ఆ తర్వాత చూసినవారు ఈ కథను నమ్మకుండా ఉండలేకపోయారు.

హూల్టన్ పట్టణంలోని రికర్ విద్యాసంస్థలో చదువుకుంటూ, వేసవిలో మెయిన్ ఊళ్ల జట్లకు ఆడుతూ ఆయన పేరు తెచ్చుకున్నారు. అక్కడి నుంచి మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్‌లోని హోలీ క్రాస్ కాలేజీకి వెళ్లారు. 1895, 1896 సీజన్లలో కాలేజీ జట్టుకు ఆడి, రెండుసార్లూ 0.400 పైన బ్యాటింగ్ సగటు సాధించారు. పది అవకాశాల్లో మూడుసార్లు బంతిని సరిగ్గా కొట్టినవాడినే బేస్‌బాల్‌లో మంచి బ్యాటర్ అంటారు. పదికి నాలుగు దాటడం అంటే కాలేజీ స్థాయిలోనైనా మామూలు విషయం కాదు. బ్యాట్ ఎడమ చేతివాటం, విసరడం కుడి చేత్తో. పరుగులో కూడా ఆయనను అందుకోవడం కష్టమే.

ఆ కాలేజీ జట్టుకు శిక్షణ ఇచ్చినవారిలో జెస్సీ బర్కెట్ ఒకరు. ఆయన అప్పటికే క్లీవ్‌లాండ్ స్పైడర్స్‌లో పేరున్న బ్యాటర్. సాకలెక్సిస్ సత్తా క్లీవ్‌లాండ్ చెవిన పడింది అలాగే.

ఆ పేరు ఎక్కడిది?

సాకలెక్సిస్ అనే ఇంటిపేరు 1897లో అమెరికా పత్రికలకు పెద్ద వింత. రకరకాల స్పెల్లింగులతో రాశారు. కుదించి 'సాక్' అన్నారు. ఆ మాటకు ఇంగ్లిష్‌లో మేజోడు అనీ, బలంగా కొట్టడమనీ అర్థాలుండటంతో శీర్షికలు పెట్టేవారికి పండగే. అడవి నుంచి వచ్చిన పేరు, అర్థం కాని భాషలోని పేరు అని పాఠకులు అనుకున్నారు.

నిజానికి ఆ పేరు వెనకున్నది ఫ్రెంచ్. పెనాబ్‌స్కాట్లు ఇంగ్లిష్ వలసవాదుల కన్నా ముందు నుంచీ ఫ్రెంచివారితో సంబంధాలున్న తెగ. ఫ్రెంచ్ మతప్రచారకుల ప్రభావంతో క్యాథలిక్ మతంలోకి వచ్చారు. బాప్టిజం సమయంలో పెట్టిన ఫ్రెంచ్ పేర్లు వారి నోట తమ భాషకు తగ్గట్టు మారాయి. ఝాక్ అలెక్సీ అనే జంట పేరు అలా అరిగి సాకలెక్సిస్ అయిందన్నది దీనికి సాధారణంగా చెప్పే వివరణ.

పేర్లు ఇలా మారడం తెలుగువారికి కొత్తేమీ కాదు. నిజాం సైన్యంలో పనిచేసిన ఫ్రెంచ్ సేనాని రేమండ్ హైదరాబాదీల నోట మూసా రాముడయ్యాడు. మలక్‌పేట పక్కనున్న మూసారాంబాగ్ ఆ మాటే. వినడానికి అచ్చమైన స్థానిక పేరు, లోపల ఉన్నది పరాయి దేశపు మనిషి. సాకలెక్సిస్ విషయంలో ఇది తిరగబడింది. రెండు సంస్కృతుల చరిత్ర కలిసిన పేరును పత్రికలు ఆటవికతకు గుర్తుగా చూశాయి.

పుట్టుకతో వచ్చిన ఈ పేరు కాక, ఆయనకు మరో పేరు కూడా అంటుకుంది. అది 'చీఫ్'. తెగ నాయకుడు అని అర్థం. సాకలెక్సిస్ ఏ తెగకూ నాయకుడు కాదు. అయినా ఆదివాసీ ఆటగాడు ఎవరొచ్చినా అదే పిలుపు. ఆయన తర్వాత వచ్చిన ఆజిబ్వే తెగకు చెందిన చార్లెస్ బెండర్, కవియా తెగకు చెందిన జాన్ మేయర్స్ కూడా చీఫ్‌లే అయ్యారు. బెండర్ ఫిలడెల్ఫియా జట్టుకు ఆడిన గొప్ప పిచర్, బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కించుకున్న మనిషి. అభిమానులకు సంతకం చేసేటప్పుడు మాత్రం ఆయన తన సొంత పేరే రాసేవారు.

ఇక 'ఇండియన్' అన్న మాట సంగతి మనకు విడిగా చెప్పక్కర్లేదు. కొలంబస్ 1492లో తాను చేరింది ఇండియాకే అని పొరబడ్డాడు. ఆ పొరపాటు ఓ ఖండంలోని వందలాది జాతులకు ఒకే పేరుగా స్థిరపడింది. మన పాఠ్యపుస్తకాల్లోకి రెడ్ ఇండియన్లు అనే మాటగా వచ్చింది. పెనాబ్‌స్కాట్లకూ, వేల మైళ్ల దూరాన పశ్చిమ మైదానాల్లో ఉండే లకోటాలకూ భాష వేరు, జీవన విధానం వేరు, చరిత్ర వేరు. 1897 నాటి మైదానాల్లో ఆ తేడా ఎవరికీ పట్టలేదు.

మూడు నెలల వెలుగు

1897 మొదట్లో సాకలెక్సిస్ హోలీ క్రాస్ వదిలి నోటర్ డామ్ విశ్వవిద్యాలయానికి మారారు. అక్కడ ఉన్నది కొద్ది వారాలే. మార్చిలో తాగి గొడవపడ్డారన్న కారణంతో విశ్వవిద్యాలయం ఆయనను పంపించేసింది. వెంటనే క్లీవ్‌లాండ్ స్పైడర్స్‌లో చేరిపోయారు.

ఆయన ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే పత్రికలు ఆ జట్టును మేనేజర్ పాట్సీ టెబో పేరు కలిపి టెబో ఇండియన్స్ అనడం మొదలుపెట్టాయి. ఒక్క ఆదివాసీ చేరితే జట్టుకు జట్టే ఇండియన్స్ అయిపోయింది. కార్టూన్లలో ఈకలు, గొడ్డళ్లు వచ్చాయి. ఆయన తొలి అధికారిక మ్యాచ్ ఏప్రిల్ 22న లూయీవిల్‌లో జరిగింది.

అది ఎలాంటి కాలమో గుర్తుంచుకోవాలి. కస్టర్ సైన్యాన్ని లకోటాలు, వారి మిత్ర తెగలు లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర ఓడించి అప్పటికి 21 ఏళ్లే. వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటా స్త్రీలను, పిల్లలను కూడా కాల్చి చంపి ఏడేళ్లు కూడా నిండలేదు. ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వని బోర్డింగ్ బడులు దేశమంతా నడుస్తున్నాయి. ఆదివాసీ అంటే ఓడిపోయిన శత్రువు, లేదా సర్కస్ తరహా ప్రదర్శనల్లో చూసే వింత. అలాంటి జనం ముందు ఒంటరిగా రైట్ ఫీల్డ్‌లో, ప్రేక్షకులకు అతి దగ్గరగా నిలబడి ఆయన ఆడాలి.

ఆడారు. బాగా ఆడారు. ఆ సీజన్‌లో 66 మ్యాచ్‌లు, 278 అవకాశాలు, 94 హిట్లు. సగటు 0.338. 16 బేస్‌లు దొంగిలించారు, అంటే పిచర్ కళ్లుగప్పి పరుగు తీశారు. మైదానం చివరి నుంచి ఆయన విసిరే బంతి నేరుగా వచ్చి చేతిలో పడుతుంటే ప్రత్యర్థులు పరుగుకు సాహసించేవారు కాదు. అదే జట్టులో ఆయనతో కలిసి ఆడిన సై యంగ్ పేరు మీద నేటికీ ఏటా ఉత్తమ పిచర్లకు అవార్డు ఇస్తున్నారు. అలాంటి జట్టులో, ఆ మూడు నెలలూ జనం చూడటానికి వచ్చింది సాకలెక్సిస్‌నే. వెక్కిరించడానికి వచ్చినవారిలో కొందరు చప్పట్లు కొట్టి వెళ్లారు.

కిటికీ, కాలు, తాగుడు

జూలై 4 అమెరికా స్వాతంత్ర్య దినం. ఆ సమయంలో జరిగిన ఓ విందులో సాకలెక్సిస్ బాగా తాగి, మేడ మీది కిటికీ నుంచి దూకారనో, పడిపోయారనో చెబుతారు. కథనాలు పలు రకాలు. కాలి చీలమండ దెబ్బతిందన్నది మాత్రం ఖాయం. ఆ కాలు పూర్తిగా నయం కాలేదు. తాగుడు పెరిగింది. ఆ సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌ల్లో చాలావాటికి బెంచీ మీదే ఉన్నారు. 1898లో ఆడింది 21 మ్యాచ్‌లు, 1899లో ఏడు. ఆ మేలో జట్టు ఆయనను తీసేసింది.

ఆ 1899 సీజన్‌లో స్పైడర్స్ సంగతి కూడా చెప్పుకోవాలి. యజమానులైన రాబిసన్ సోదరులు సెయింట్ లూయీస్ జట్టును కూడా కొని, సై యంగ్, బర్కెట్ సహా మంచి ఆటగాళ్లందరినీ అక్కడికి తరలించారు. పనికిరారనుకున్నవారిని క్లీవ్‌లాండ్‌లో వదిలేశారు. సాకలెక్సిస్ వారిలో ఒకరు. ఆ ఏడాది స్పైడర్స్ 20 మ్యాచ్‌లు గెలిచి 134 ఓడింది. మేజర్ లీగ్ చరిత్రలో అంత ఘోరమైన సీజన్ మరొకటి లేదు. ఆ తర్వాత జట్టు రద్దయింది.

సాకలెక్సిస్ తాగేవారన్నది నిజం. అది ఆయన ఆటను నాశనం చేసిందన్నదీ నిజం. ఇందులో దాచాల్సిందేమీ లేదు. కానీ దాన్ని చెప్పిన తీరులో తేడా ఉంది. ఆ కాలపు బేస్‌బాల్‌లో తాగుడు సర్వసాధారణం. క్లీవ్‌లాండ్‌లోనే పుట్టిన మహా బ్యాటర్ ఎడ్ డెలహాంటీ 1903లో తాగి గొడవ చేసినందుకు రైలు నుంచి దింపేస్తే, నయాగరా నదిలో పడి చనిపోయారు. అది ఆయన వ్యక్తిగత విషాదంగానే చరిత్రలో నిలిచింది. తర్వాత ఆయనను హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూడా చేర్చారు. సాకలెక్సిస్ తాగుడును మాత్రం పత్రికలు జాతి లక్షణంగా రాశాయి. ఆదివాసీ రక్తానికి మందు తట్టుకునే శక్తి లేదన్నాయి. నాగరికత నేర్పినా చివరకు ఇంతేనన్నాయి. ఒకరు పడిపోతే మనిషి పడిపోయాడన్నారు, మరొకరు పడిపోతే జాతి పడిపోయిందన్నారు.

రోజూ వేలమంది కూతల మధ్య, తనలాంటి మనిషి మరొకరు లేని జట్టులో, ఇంటికి వందల మైళ్ల దూరాన ఉండటం పాతికేళ్ల కుర్రాడి మీద ఎంత బరువు వేసి ఉంటుందో అప్పట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మళ్లీ నది ఒడ్డుకు

ఆ తర్వాత ఆయన న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలోని చిన్న లీగ్‌లలో ఆడారు. 1900లో మసాచుసెట్స్‌లోని హోల్యోక్‌లో నిలువ నీడ లేకుండా తిరుగుతున్నారంటూ పోలీసులు అరెస్టు చేశారు. పత్రికలు ఆ వార్తను ఆసక్తిగా వేశాయి. చాలామంది రచయితలు ఆయన కథను అక్కడితో ముగిస్తారు.

కానీ కథ అక్కడితో ముగియలేదు. 1902లో ఆయన లోవెల్ జట్టుకు సీజనంతా ఆడారు. మరుసటి ఏడాది సొంత రాష్ట్రంలోని బ్యాంగర్ జట్టుకు ఆడారు. తర్వాత ద్వీపానికి తిరిగి వెళ్లిపోయారు. నది దాటించే పడవ నడిపారు. చుట్టుపక్కల మ్యాచ్‌లకు అంపైర్‌గా నిలబడ్డారు. ద్వీపంలోని పిల్లలకు ఆట నేర్పారు. చలికాలంలో అడవుల్లో కలప కొట్టే శిబిరాలకు వెళ్లేవారు. పదేళ్లకు పైగా సాగిన ఈ జీవితం గురించి పత్రికలు పెద్దగా రాయలేదు. పతనం మీదున్న ఆసక్తి, నిలదొక్కుకోవడం మీద వాటికి ఉండదు.

1913 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందు రోజు, బర్లింగ్టన్ దగ్గరి కలప శిబిరంలో పనిచేస్తుండగా ఆయనకు గుండెపోటు వచ్చింది. అక్కడే చనిపోయారు. వయసు 42. చొక్కా జేబులో పాత మ్యాచ్‌ల పత్రిక కత్తిరింపులు దొరికాయని తర్వాతి కాలంలో చెప్పుకునేవారు.

1915: మారిన బోర్డు

క్లీవ్‌లాండ్‌లో అప్పటికి మరో జట్టు ఉంది. 1901లో మొదలైన అమెరికన్ లీగ్ జట్టు అది. సాకలెక్సిస్ ఆడిన స్పైడర్స్‌తో దానికి సంబంధం లేదు. ఆ లీగ్ వేరు, యజమాని వేరు. 1903 నుంచి ఈ జట్టు పేరు నాప్స్. జట్టు ప్రధాన ఆటగాడు నెపోలియన్ లాజవే ముద్దుపేరు నాప్ కాబట్టి జట్టు నాప్స్ అయింది. ఆయన కూడా ఫ్రెంచ్ మూలాలున్న కుటుంబం నుంచి వచ్చినవారే.

1914లో నాప్స్ లీగ్‌లో అట్టడుగున నిలిచింది. లాజవే ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయారు. మనిషి లేకుండా ఆయన పేరు ఎందుకని, 1915 జనవరిలో యజమాని చార్లెస్ సోమర్స్ కొత్త పేరు సూచించమని నగరంలోని బేస్‌బాల్ విలేకరులను కోరారు. వారు ఎంచుకున్నది ఇండియన్స్.

ఎందుకు అన్నదానికి ఒకటి కన్నా ఎక్కువ కారణాలు కనిపిస్తాయి. అంతకుముందు ఏడాదే బోస్టన్ బ్రేవ్స్ జట్టు అట్టడుగు నుంచి లేచి ప్రపంచ సిరీస్ గెలిచింది. బ్రేవ్స్ అంటే ఆదివాసీ యోధులు. ఆ తరహా పేరు అదృష్టం తెస్తుందన్న ఊపు అప్పుడు ఉంది. స్పైడర్స్ కాలంలో వినిపించిన ఇండియన్స్ అనే పాత మారుపేరు కూడా విలేకరులకు గుర్తుంది. క్లీవ్‌లాండ్ ప్లెయిన్ డీలర్ పత్రిక ఆ నెలలో రాసిన ఓ సంపాదకీయంలో సాకలెక్సిస్ ప్రస్తావన ఉంది. ఆయన ఆట వల్లే నాటి జట్టుకు ఆ పేరొచ్చిందని, దాన్నే మళ్లీ తెస్తున్నారని అందులో రాశారు. అదే సమయంలో ఇతర రాతలు, కార్టూన్లు మాత్రం నెత్తిచర్మం ఒలిచే జోకులతో, గొడ్డళ్లతో, యుద్ధ కేకలతో నిండిపోయాయి.

కాబట్టి సాకలెక్సిస్ ఆ పేరు వెనక అసలే లేరనడం సరికాదు. ఆయనను గౌరవించడానికే ఆ పేరు పెట్టారనడం అంతకన్నా సరికాదు. 20వ శతాబ్దం రెండో భాగంలో జట్టు తన అధికారిక ప్రచురణల్లో ఈ గౌరవ కథను ప్రచారం చేసింది. ఓ అభిమాని సూచన మేరకు, తొలి ఆదివాసీ ఆటగాడి స్మృతిగా పేరు పెట్టామని చెప్పుకుంది. క్రీడా సామాజిక శాస్త్రవేత్త ఎలెన్ స్టౌరోవ్‌స్కీ 1998లో ఈ కథను నాటి పత్రికలతో పోల్చి పరిశీలించి, ఆధారాలు దాన్ని బలపరచవని తేల్చారు.

అసలు తేడా తెలియాలంటే పరిశోధన కూడా అక్కర్లేదు. రెండు పేర్లను పక్కపక్కన పెడితే చాలు. లాజవేను గౌరవించాలనుకున్నప్పుడు క్లీవ్‌లాండ్ ఆయన పేరే జట్టుకు పెట్టింది. సాకలెక్సిస్‌ను గౌరవించామన్నప్పుడు వాడింది ఆయన పేరు కాదు, ఆయన జాతికి పరాయివాళ్లు పొరపాటున తగిలించిన పేరు. ఒకరు మనిషిగా గుర్తుండిపోయారు. మరొకరు బొమ్మ అయ్యారు.

నవ్వే ఎర్ర ముఖం

బొమ్మ అన్నది మాటవరసకు కాదు. 1947లో జట్టు యజమాని బిల్ వీక్ కోసం వాల్టర్ గోల్డ్‌బాక్ అనే 17 ఏళ్ల కుర్రాడు ఓ చిహ్నం గీశాడు. కొద్ది ఏళ్లలో అది ఎర్రటి ముఖం, పళ్లికిలించిన నవ్వు, నెత్తిన ఒక ఈకతో స్థిరపడింది. దాని పేరు చీఫ్ వాహూ. టోపీల మీద, చొక్కాల మీద, పిల్లల బ్యాగుల మీద కోట్ల డాలర్ల సరుకుగా అమ్ముడైంది.

ఆదివాసీలు దీన్ని మౌనంగా భరించలేదు. 1972లో క్లీవ్‌లాండ్‌లోని ఆదివాసీ సంఘం జట్టుపై దావా వేసింది. దాని వెనకున్న రస్సెల్ మీన్స్ తర్వాత ఆదివాసీ ఉద్యమంలో దేశమంతా తెలిసిన నేత అయ్యారు. కేసు 1983లో 35,000 డాలర్ల రాజీతో ముగిసింది. బొమ్మ మాత్రం పోలేదు. దశాబ్దాల పాటు సీజన్ తొలి రోజున మైదానం బయట నిరసనలు జరిగాయి. 2000లో పెనాబ్‌స్కాట్ తెగ పాలకమండలి కూడా ఆ బొమ్మ వాడకం ఆపాలని జట్టును కోరుతూ తీర్మానం చేసింది. తమ బిడ్డకు గౌరవం అంటూ చూపిస్తున్నది అవమానమని ఆ బిడ్డ సొంతవాళ్లే చెప్పిన తర్వాత, గౌరవం అనే వాదనలో మిగిలేది ఏముంటుంది?

ఈ ప్రశ్న భారతీయ పాఠకులకు దూరపుది కాదు. సాకలెక్సిస్ కన్నా ఐదేళ్లు చిన్నవాడైన పల్వంకర్ బాలూ అదే కాలంలో ఇక్కడ క్రికెట్ ఆడారు. పల్వన్ అనే ఊరి పేరే ఆయన ఇంటిపేరు. దళితుడు కావడంతో, మైదానంలో తన బౌలింగ్‌తో గెలిపిస్తూ కూడా, టీ మాత్రం బయట విడిగా ఇచ్చే మట్టి పిడతలో తాగాల్సి వచ్చింది. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వంద వికెట్లకు పైగా తీసినా హిందూ జట్టు ఆయనకు కెప్టెన్సీ ఇవ్వలేదు. ప్రతిభ కావాలి, కానీ మనిషి మన పంక్తిలో కూర్చోకూడదు అన్న లెక్క రెండు దేశాల్లోనూ నడిచింది.

పేరు పోయింది, వాదన పోలేదు

2018 సీజన్ తర్వాత ఆటగాళ్ల దుస్తుల మీద చీఫ్ వాహూ కనిపించలేదు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత అమెరికా అంతటా జాతి వివక్ష మీద చర్చ రేగింది. వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు తన పాత పేరు వదులుకుంది. ఆ ఏడాది డిసెంబరులో క్లీవ్‌లాండ్ కూడా పేరు మార్చుకుంటామని చెప్పింది. 2021 జూలైలో కొత్త పేరు గార్డియన్స్ అని ప్రకటించింది. మైదానం దగ్గరి వంతెన మీదున్న కాపలా విగ్రహాలే ఆ పేరుకు ఆధారం. ఆ నవంబరు నుంచి అది అధికారికమైంది.

వాదన అక్కడితో ఆగలేదు. 2025 జూలైలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ పాత పేరు తిరిగి పెట్టాలని బహిరంగంగా డిమాండ్ చేశారు. జట్టు అంగీకరించలేదు. పేరు మార్చితే ఆదివాసీల చరిత్ర చెరిపేసినట్టే అన్నది పాత పేరును సమర్థించేవారి మాట. అందులో ఓ నిజం లేకపోలేదు. ఇండియన్స్ అనే పేరు ఉన్నంత కాలం, ఎవరో ఒకరు దాని మూలం వెతుకుతూ సాకలెక్సిస్ దాకా వెళ్లేవారు. గార్డియన్స్ అనే పేరు ఎవరినీ అక్కడికి తీసుకెళ్లదు.

కానీ ఆ దారిలో వెళ్లినవారికి దొరికింది ఏ సాకలెక్సిస్? తాగుబోతు ఇండియన్, లేదంటే జట్టుకు ముద్దుపేరు తెచ్చిన వింత మనిషి. కాలేజీలో చదివిన క్యాథలిక్ యువకుడు, ఫ్రెంచ్ పేరును తమ భాషలోకి మలుచుకున్న తెగ బిడ్డ, ద్వీపంలో పిల్లలకు ఆట నేర్పిన పడవ సరంగు దొరకలేదు. ఆయన చనిపోయేనాటికి అమెరికా ఆదివాసీలందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం కూడా రాలేదు. అది 1924లో వచ్చింది. మెయిన్ రాష్ట్ర చట్టసభకు జరిగే ఎన్నికల్లో రిజర్వేషన్ ఆదివాసీలకు ఓటు వచ్చింది 1967లో. అంటే జట్టు ఇండియన్స్ పేరుతో అర్ధ శతాబ్దం ఆడేశాక కూడా, ఆయన ద్వీపంలోనివారు తమ రాష్ట్రంలో పూర్తి ఓటర్లు కాలేదు.

ఆయన పేరును ఆయన పేరుగా గుర్తుపెట్టుకున్న చోట్లు వేరే ఉన్నాయి. హోలీ క్రాస్ కాలేజీ ఆయనను తన క్రీడా ప్రముఖుల్లో చేర్చుకుంది. ఆయన బంధువు ఆండ్రూ సాకలెక్సిస్ 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో నాలుగో స్థానంలో నిలిచారు. మెయిన్ రాష్ట్రం ఇద్దరినీ తన క్రీడా హాల్ ఆఫ్ ఫేమ్‌లో పక్కపక్కనే పెట్టుకుంది. అదే రాష్ట్రం 2019లో ప్రభుత్వ బడుల్లో ఆదివాసీ బొమ్మలు, మారుపేర్లు వాడటాన్ని నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే.

ఇండియన్ ఐలాండ్‌కు ఇప్పుడు వంతెన ఉంది. ద్వీపంలోని క్రీడా ప్రాంగణానికి సాకలెక్సిస్ అని పేరు పెట్టుకున్నారు. క్యాథలిక్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. స్నేహితులు, అభిమానులు 1934లో అక్కడ పెట్టించిన రాయి మీద అడ్డంగా పెట్టిన రెండు బ్యాట్ల గుర్తు కనిపిస్తుంది. పైన ఆయన పూర్తి పేరు చెక్కి ఉంది. క్లీవ్‌లాండ్ వందేళ్లలో చేయలేకపోయిన ఆ చిన్న పనిని ఆ రాయి చేస్తోంది.